ఎడమకాలి వంపు

గాలి లేదు. పొద్దున లేచినప్పటి నుంచీ లేదు. రేకుల పందిరి కింద నేలమీద కాళ్ళు చాపుకుని కూర్చున్న మేవిస్, మట్టి రన్‌వే అవతలి చెట్ల కొనల్ని చూస్తోంది. ఒక్క ఆకు కదిలినా చాలు, ఒక్కటంటే ఒక్కటి. కదలడం లేదు. గాలి ఎటు వీస్తోందో విమానానికి చెప్పడానికి కర్రకి కట్టిన నారింజరంగు గుడ్డగొట్టం, పిండకుండా ఆరేసిన చొక్కాలా కిందికి వేలాడుతోంది. వానలు ఇంకా దిగలేదు, దిగుతామని రోజూ సాయంత్రం ఉరిమి ఊరుకుంటున్నాయి, ఈ ఉక్కకి మనుషులకి మతిపోతుందని డార్విన్ పట్నంలో తెల్లవాళ్ళు కూడా అంటారట. ఉక్క సంగతి ఎవరిక్కావాలి. గాలి పడిపోయిన పూట రాతిగుట్టల్లోంచి ఎవరు బయటికొస్తారో అదీ సంగతి. రాళ్ళలో కాపురముండే ఆత్మలు మిమీలు, వాళ్ళ మెడలు రెల్లుపుల్లంత సన్నం. గాలి వీస్తే విరిగిపోతాయి. అందుకని గాలి ఉన్నంతసేపూ రాతిబీటల్లో దాక్కుంటారు, గాలి ఆగాక బండమీద ఊపిరి ఊదుతారు, బండ తెరుచుకుంటుంది, వరసగా బయటికి నడుస్తారు. మనుషులకి వేట నేర్పింది వాళ్ళే, మాంసం కోసి వంతులు వెయ్యడం నేర్పింది వాళ్ళే, బండమీద ఎర్రమట్టితో బొమ్మ వెయ్యడం నేర్పిందీ వాళ్ళే. నేర్పినవాళ్ళకి తప్పు కనిపెట్టడం ఎంతసేపు? మేవిస్ పక్కన దుప్పటి చుట్టిన చెట్టుబెరడు ఉంది, ఇంచుమించు ఆవిడంత పొడుగు, దానిమీద ఆవిడ వేసిన మిమీ బొమ్మ ఉంది, ఆ బొమ్మలో తప్పు ఉంది. విమానం రావడానికి ఇంకా గంట.

గంటంటే ఎంత, నిప్పు రాజేసి, టీ కాచుకుని, తాగేంత. ఏభై ఎనిమిదేళ్ళలో అలాంటి గంటలు ఎన్ని పోయాయో ఎవరు చూడొచ్చారు, ఈ ఒక్కటే ఎందుకు కాలు విరిగిన గేదెలా కదలకుండా పడుంది. ట్రక్కుకి అవతల నీడలో అల్లుడు టెరెన్స్ కూర్చున్నాడు, ఇటు వీపు పెట్టి. అత్త మొహం అల్లుడు చూడకూడదు, అల్లుడి మొహం అత్త చూడకూడదు, మాటలైతే అసలే లేవు, ఈ రాళ్ళు పుట్టినప్పటి మర్యాద అది. పదకొండేళ్ళుగా ఒకే ఇంటికి అటూ ఇటూ బతుకుతున్నా వాడి ముక్కు ఎలా ఉంటుందో ఆవిడ చెప్పలేదు, వీపు మాత్రం బాగా తెలుసు, మంచి వీపే. కూతురు షార్లీన్ దగ్గరుంటే మాటలు అటూ ఇటూ మోస్తుంది. షార్లీన్ లేనప్పుడు కుక్క. దాని పేరు బిస్కెట్టు. టెరెన్స్ అత్తకి చెప్పాల్సింది ఏదున్నా దానికి చెబుతాడు, ఆవిడకి వినపడేంత గట్టిగా. ఇందాకా అదే చేశాడు. "బిస్కెట్టూ, నీళ్ళ డబ్బా ట్రక్కు వెనకాల పెట్టాను. దాహమైనవాళ్ళు మొహమాటపడకుండా తాగొచ్చు." మేవిస్ కూడా కుక్కనే చూస్తూ, "నువ్వే తాగవే ముందు, నాలుక చూడు ఎంత బయటికొచ్చిందో," అంది, వాడూ ఎండలో ఉన్నాడు కాబట్టి. ఆ కుక్కకి తెలిసినన్ని ఇంటి గుట్లు ఇంకెవరికీ తెలియవు. నాలుగు రోజుల కిందటి మాట కూడా ముందు దానికే చెప్పాడు.

నాలుగు రోజుల కిందట బొమ్మ పూర్తయింది. వరండాలో గోడకి చేరేసి, కుంచె కడుక్కుంటూ తలొంచుకుని ఉంది. టెరెన్స్ వేటనుంచి వస్తూ ఆగిన అలికిడి. చాలాసేపు ఆగాడు, అంతసేపు వాడెప్పుడూ అటువైపు నిలబడడు. ఆ తర్వాత నెమ్మదిగా అన్నాడు, "బిస్కెట్టూ, ఆ ఎడమకాలు చూశావా? నాకేం తెలుసులే, నేను బయటినించి వచ్చినవాణ్ణి. కానీ ఆ కాలు నేనెరుగుదును." అని వెళ్ళిపోయాడు. మేవిస్ తలెత్తింది. నలభై రోజులు ముక్కు బెరడుకి ఆనించి గీతలు గీసిన మనిషి, ఏ రోజుకారోజు జానెడు మేర తప్ప ఇంకేమీ చూడని మనిషి, మొదటిసారి నాలుగడుగులు వెనక్కి వేసి చూసింది. సన్నటి మెడ, సన్నటి నడుం, చేతిలో ఈటె, అన్నీ మిమీవే. ఎడమ మోకాలు మాత్రం బయటికి వంగి ఉంది. పాదం కొద్దిగా లోపలికి తిరిగి ఉంది. ఆ కాలు ముందుకి పడబోతూ ఒక్క క్షణం ఆలోచిస్తోంది. ఆ ఆలోచన కూడా వచ్చేసింది బెరడుమీదికి, అంత బాగా ఎలా వచ్చిందో. కుంచె కడిగిన నీళ్ళు పాదాలమీద ఒలికాయి. ఆవిడకి తెలియలేదు.

కుర్రతనంలో నాన్న గేదెల వేటకి పోతే గుర్రం మీదపడి విరిగిన కాలు అది. ఎవరో అడవి వైద్యం చేశారు, ఎముక అతుక్కుంది, వంకర మిగిలింది. ఆయన అలాగే నడిచాడు, ఎనభై ఏళ్ళు దాటేదాకా, గుట్టలెక్కాడు, తాబేళ్ళకోసం బురదలో దిగాడు. వెనకాల మేవిస్, అయిదేళ్ళది, ఆరేళ్ళది, నార సంచి నుదుటికి తగిలించుకుని. ఆ వయసులో పిల్లకి కళ్ళెదురుగా ఉండేది నాన్న మొహమా? మోకాలే. పొద్దస్తమానం ఆ మోకాలే కనపడేది, వంగుతుంది, ఆలోచిస్తుంది, పడుతుంది, వంగుతుంది. గడ్డి ఎత్తుగా ఉన్నచోట ఆ మోకాలే దారి. పాములుంటాయని భయం వేస్తే కళ్ళు దానిమీద పెట్టుకునేది, అంతే, భయం పోయేది. ఇప్పుడు ఆయన మొహం గుర్తు చేసుకోబోతే కళ్ళు వస్తాయి, గడ్డం వస్తుంది, ఒకచోట చేరవు. మోకాలు మాత్రం అడక్కుండానే వస్తుంది. వచ్చింది కదా, వచ్చి కూర్చుంది కదా ఎక్కడ రాకూడదో అక్కడ. మోకాలి గురించి ఆవిడ చేతికి ఆవిడకన్నా ఎక్కువ తెలుసు, ఆ చేతినే నరికెయ్యాలి.

ఆయన పోయి రెండు వానాకాలాలయింది. ఆయన పేరు ఎవరూ పలకరు. అదే పేరున్న నర్సు కుర్రాణ్ణి క్లినిక్‌లో ఇప్పుడు వేరే పేరుతో పిలుస్తున్నారు. ఇంట్లోవాళ్ళు 'పెద్దాయన' అంటారు, ఆ మాట కూడా గొంతు తగ్గించి. ఆయన పడుకున్న గదికి ఆకుల పొగ పట్టారు, ఎక్కి తిరిగిన ట్రక్కుకి పట్టారు, గోడచుట్టూ ఎర్రమట్టి పట్టీ పూశారు, ఫొటోలు తిప్పి పెట్టెలో పెట్టారు, ఇదంతా ఎందుకు, వెనక్కి తిరిగి చూసుకోకుండా ఆయన తన నీటిగుంట చేరుకోవాలని. చేరి, అందులో నిమ్మళంగా ఉండి, ఎప్పుడో మళ్ళీ ఎవరి కడుపునో పడాలని. పేరు పిలిస్తే ఆగుతాడు. బొమ్మ చూస్తే ఆగుతాడు. తన కాలు, తన నడక బెరడుమీద కనిపిస్తే ఇంకేం చేస్తాడు, ఇదేదో నాదేనే అనుకుని వచ్చి అందులో నిలబడతాడు. నిలబడ్డాడా? నాలుగు రోజులుగా మేవిస్ అడుగుతున్నది అదే. టీ నీళ్ళు బురద వాసన వేస్తున్నాయి. మొన్న మధ్యాహ్నం బిస్కెట్టు ఖాళీ మూలని చూసి తోక ఊపింది. మొరిగుంటే కొంత నయం. తోక ఊపింది, తెలిసినవాళ్ళకి ఊపినట్టు.

ఆ బెరడు ఇప్పుడు విమానం ఎక్కాలి. దక్షిణాన ఏదో పెద్ద పట్నంలో బొమ్మల ప్రదర్శన, ఆర్ట్ సెంటర్ నడిపే కేట్ మూడునెలలుగా చెబుతోంది. కేట్ మంచిదే, తెల్లపిల్ల, ఎండకి ముక్కు ఊడొస్తున్నా ఈ రాళ్ళని వదిలి పోలేదు. మొన్న కాయితాలు పట్టుకుని వచ్చి పక్కన చతికిలబడింది. "ఆంటీ, దీని కథ చెప్పు, వెనకాల అంటించాలి. ఈ కాలు ఎందుకు వంగింది?" తేలు కుట్టిన దొంగ ఏమంటాడు. "డాన్సు చేస్తోంది," అంది. "మిమీ డాన్సు చేస్తోంది. రాసుకో." కేట్ రాసుకుంది, ఎంత బాగుందో అని కూడా అంది, అచ్చువేసి వెనకాల అంటించింది. మేవిస్ పేరు, తెగ పేరు, నేల పేరు, కింద ఆ అబద్ధం. ఆ అబద్ధం మోసుకుని ఆయన సముద్రం పక్కనుంచి ఎంత దూరమో ఎగిరిపోతాడు, ఎప్పుడూ ఎక్కని విమానంలో, దుప్పటి మొహానికి కప్పి. అక్కడ చల్లటి గదిలో తెల్లగోడకి మేకు. కింద సిమెంటు. నీళ్ళుండవు, ఆ భాష మాట్లాడేవాడుండడు. రాత్రి దీపాలార్పి అందరూ ఇళ్ళకి పోతే ఒంటరిగా. నీటిగుంట ఎటో అడగడానికి మనిషుండడు. పిచ్చెక్కిపోతాడు. పిచ్చెక్కిన పెద్దలు తిరిగి వస్తే ఒంటరిగా పోరు, ఇంట్లో ఒకర్ని తోడు తీసుకుపోతారు. షార్లీన్‌ని తీసుకుపోతాడా, ఆయన ఎత్తుకు పెంచిన పిల్లని? తండ్రికి భయపడడం కంటే పాడు బతుకు ఉందా? బతికున్నన్నాళ్ళూ ఆయన్ని చూసి ఒక్కనాడు భయపడలేదు, ఇప్పుడు దుప్పటి మడత విప్పడానికి చేతులు రావడం లేదు.

అడిగి ఉంటే ఇంతదాకా వచ్చేదా. తండ్రి వైపు నేలకి, నీళ్ళకి, బొమ్మలకి కావలి ఎవరు, మేనత్త పిల్లలు. వేసేవాళ్ళు ఒకరు, చూసి సరే అనేవాళ్ళు ఇంకొకరు, ఎవరి బొమ్మ వాళ్ళే చూసుకుని సరే అనుకునే ఊరు ఎక్కడైనా ఉంటుందా. మేనత్త కొడుకు లాజరస్ ఇక్కడే ఉంటే బెరడు నిప్పులమీద కాచి చదునవ్వడానికి రాళ్ళ బరువు పెట్టిన రోజే వచ్చి పక్కన కూర్చునేవాడు, గీత గీతకీ వంక పెట్టేవాడు. "కుక్క నమిలిన తాడులా ఉందే నీ గీత," అనేవాడు. ఆ లాజరస్ బావ డార్విన్‌లో ఉన్నాడు, వారానికి మూడుసార్లు ఒంట్లో రక్తమంతా యంత్రంలోకి పోయి రావాలి, లేకపోతే లేదు. ఏడాదయింది వెళ్ళి. వచ్చాక చూపిద్దాంలే అనుకుంది, మిమీలు ఎన్నిసార్లు వేయలేదు, కొత్తేముంది అనుకుంది. ఆ అనుకోవడమే కొంప ముంచింది. ఈ విమానంలో రెండు రోజుల సెలవు మీద దిగుతున్నాడు, బెరడు చూసి సరే అంటే అదే విమానం దాన్ని ఎక్కించుకుపోతుంది. సరే అనకపోతే? మేవిస్‌కి తమ్ముళ్ళున్నారు, ఒక్కడూ కుంచె పట్టలేదు, అందుకని పెద్దాయన కూతురి చేతిలో పెట్టాడు. అప్పుడు ముసలాళ్ళు మూతులు తిప్పారు. ఆడదాని చేతికి ఆ రాతి బొమ్మలా, రేపు ఏం ముంచుకొస్తుందో చూసుకో అన్నారు. లాజరస్ ఒక్కడే లేచి, "మావయ్య ఇచ్చాడు, కావలివాణ్ణి నేను చూశాను, అయిపోయింది," అన్నాడు. ఆ రోజు వాళ్ళిద్దరూ పందెం వేసింది తనమీద. ఇవాళ విమానం తలుపు తెరుచుకుంటే ముసలాళ్ళ మాటే నిజమవుతుంది. ఆయన చేసిన పని తప్పని తేలుతుంది, ఆయన కాలే సాక్ష్యం చెబుతుంది.

అల్లుడికి తెలుసు. అల్లుడు ఈవిడతో అనలేడు గానీ లాజరస్‌తో అనొచ్చు, వాళ్ళకి ఆ అడ్డు లేదు. అన్లేదు ఇంతవరకూ. ట్రక్కు అవతల కూర్చుని ఏదో చెక్కుతున్నాడు, కత్తి చప్పుడు వినపడుతోంది, సర్, సర్. చెప్పడని ఎందుకో నమ్మకం. అయితే ఒక్కటే పని మిగిలింది. గుడ్డసంచిలో తెల్ల సుద్దముద్ద ఉంది, జిగురు ఉంది, ఎర్రమట్టి ఉంది, రెల్లుకుంచె ఉంది, పొద్దున వాటినెందుకు సంచిలో వేసిందో తనకి తెలియదా. ఒక ఎర్రటి పూత, మోకాలు పోతుంది. ఆరాక దానిమీద తిన్నటి కాలు గీసి నాలుగు గీతలల్లితే ఏ బావా పట్టలేడు. ఇప్పటి ఎండకి అరగంటలో ఎముకలా ఆరుతుంది. మేవిస్ మెడ తిప్పకుండా కళ్ళు తిప్పి చూసుకుంది, ఎవరు చూస్తారని, చెట్లు, రాళ్ళు, బిస్కెట్టు. దుప్పటి ముడి విప్పింది.

విప్పకుండా ఉండాల్సింది. వరండా నీడలో చూసిన బొమ్మ ఇది కాదనిపించింది. నడినెత్తిన ఉన్న సూర్యుడు రేకుల సందుల్లోంచి దానిమీద పడ్డాడు, తెలుపు ఎరుపు పసుపు తెలుపు, వెంట్రుకవాసి గీతలు, ఒకదానిమీద ఒకటి అల్లినవి, అన్నీ ఒక్కసారి కదిలాయి. కదలాలనే గీస్తారు. బొమ్మ మెరవకపోతే అందులో ఎవరూ లేరని అర్థమని ఆయనే చెప్పాడు. ఇప్పుడు పొట్ట లేస్తోంది, పడుతోంది. తనే ఊపిరి పీలుస్తోంది కాబోలు, తన కళ్ళు అదురుతున్నాయి కాబోలు. ఊపిరి బిగబట్టింది. గీతలు ఇంకా లేస్తున్నాయి, పడుతున్నాయి. సుద్దలో కొంచెం, ఎర్రమట్టిలో కొంచెం నీళ్ళు పోసి నూరింది, నూరుతుంటే రాయి జారింది, మళ్ళీ నూరింది. కుంచె ముంచింది. మోకాలికి వేలెడు దూరంలో చెయ్యి ఆగిపోయింది. వణుకుతోందా అంటే అదీ లేదు, ఎవరో పట్టుకున్నట్టు ఆగిపోయింది, మణికట్టు దగ్గర, బొటనవేలు కింద, సరిగ్గా అక్కడే ఆయన పట్టుకునేవాడు. ఆరేళ్ళప్పుడు, బండనీడలో, వెనకనుంచి తన చెయ్యి పట్టుకుని, "గాలి పీల్చకు, గీత వణుకుద్ది. అయిందా, ఇప్పుడు వదులు," అనేవాడు, చెవి పక్కన పొగాకు వాసన. వాసన వస్తోంది. ఈ దేశంలో ఎవరూ పొగాకు తాగరా, అల్లుడు తాగడా, వాడే తాగుతున్నాడేమో. చూడాలి. తల తిప్పకూడదు. అటు అల్లుడి మొహం, వెనక్కి తిప్పితే ఎవరి మొహమో. ఎర్రటి బొట్టు కుంచె కొసన పెద్దదై, జారి, మట్టిలో పడింది. నాన్నా వదులు, అంది, పేరు పలకలేదు, నాన్నా అనే అంది, అదైనా అనొచ్చో లేదో.

చెయ్యి ఒళ్ళో పడింది. వదిలారో, తనే వదిలించుకుందో. అప్పుడు తలెత్తింది, రన్‌వే చివర చూసింది, అక్కడున్నారు. వేడికి నేలమీద నీళ్ళలాంటివి పారుతున్నాయి, ఆ నీళ్ళలో సన్నగా, పొడుగ్గా, నల్లగా ఒకరు. కాళ్ళు నేలకి తగలడం లేదు. మెడ ఉందో లేదో తెలియనంత సన్నం, చేతిలో ఈటె. ఇటే నడుస్తున్నారు. గుడ్డగొట్టం కదలడం లేదు, ఒక్క ఆకు కదలడం లేదు, వాళ్ళు నడవడానికి ఇంతకంటే మంచి పూట ఉండదు, తనే తప్పు చేసి తనే బొమ్మ విప్పి ఎండలో పెట్టి పిలిచింది. బిస్కెట్టు చెవులు నిక్కించింది, లేచింది, తోక ఊపింది. కళ్ళు మూసుకుందామంటే మూతపడవు. సన్నటి మనిషి పొట్టివాడయ్యాడు, లావయ్యాడు, ఈటె కర్రయింది, నెత్తిమీద ఎర్రటి టోపీ మొలిచింది. టెరెన్స్. విమానం దిగేముందు రన్‌వే మీద గేదెల్ని తోలడానికి ఎప్పుడు వెళ్ళాడో, కత్తి చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది, తనే వినలేదు. ఆ సంతోషంలో వాడి మొహం తిన్నగా చూసేసింది, ముక్కు చట్టిముక్కు, చటుక్కున చెంగులో దాక్కున్నట్టు మోచేతిలో మొహం దాచుకుంది. వాడూ అటు తిరిగిపోయాడు. పదకొండేళ్ళకి ఇవాళ చూడాలా. సిగ్గు, భయం, నవ్వు, అన్నీ ఒకేసారి వచ్చాయి.

ట్రక్కు అవతలినుంచి గొంతు వచ్చింది, కొంచెం వగరుస్తూ. "బిస్కెట్టూ, విమానం చప్పుడు వినపడుతోందా? బొమ్మ విప్పి పెట్టుకున్నవాళ్ళు కప్పుకోవాలి. దుమ్ము లేస్తుంది." "గాలి కూడా," అని చేర్చాడు. తూర్పున దోమరొదలాంటిది, దోమ ఈగయింది, ఈగ రాతిగుట్టలమీంచి వాలి తెల్లటి రెక్కలయింది. గాలి కావాలని పొద్దున్నించీ మొక్కింది ఆవిడే. వస్తోంది గాలి, ఎర్రదుమ్ము గోడలా లేపుకుంటూ వస్తోంది, చక్రాలు నేలని తాకాయి, పందిరి రేకులు దడదడలాడాయి, దుప్పటి అంచు ఎగిరింది. ఎగిరిన ఆ అంచు కింద సన్నటి మెడ, రెల్లుపుల్లంత మెడ, ఆయన కాలున్న మనిషి మెడ. మేవిస్ ఆలోచించలేదు. బెరడుమీద బోర్లా పడింది. మోచేతులు అటూ ఇటూ ఆనించి, గీతలకి ఒళ్ళు తగలకుండా, వీపంతా గాలికిచ్చి. దుమ్ము జుట్టులో, చెవుల్లో, నోట్లో. పందిరికి ఎదురుగా వచ్చి విమానం ఆగింది, ముందు రెక్క మాత్రం తిరుగుతూనే ఉంది. కింద చీకట్లో కళ్ళకి జానెడు దూరంలో ఆ మోకాలు. అయిదేళ్ళ పిల్ల కళ్ళకి ఎంత దూరంలో ఉండేదో అంతే దూరం. భయం పోలేదు. భయపడుతూనే కప్పుకుంది.

"ఏమే, బాతు గుడ్లు పొదిగినట్టు ఏంటా పడుకోవడం?" లాజరస్ గొంతు. "నేను దిగుతుంటే ఎదురొచ్చి ఏడుస్తావనుకుంటే." మేవిస్ తల కొంచెం తిప్పి చూసింది. చొక్కా లోపల మనిషి లేడు. ఏడాదిలో ఆ యంత్రం ఇంత తాగేసిందా, కాలర్ మధ్యన మెడ వెదురుపుల్లలా నిలబడి ఉంది, ఆ గాలిలో. ఆవిడకి మళ్ళీ భయం వేసింది, ఈసారి బతికున్నవాడి కోసం.

"ఇంజన్ ఆపమను బావా."

"వాడికి తొందరంట. పది నిమిషాలు, చూసి ఇచ్చెయ్యమన్నాడు. లే, చూపించు."

"ఆపమను. పెద్దాయన మెడ విరుగుద్ది."

లాజరస్ మొహంలో నవ్వు ఉన్నచోటే ఉండిపోయింది, కాసేపటికి దానంతటదే పోయింది. మెల్లగా వెనక్కి తిరిగి, ఒంగి, పైలట్ దగ్గరికి వెళ్ళాడు. కేకలు. చెయ్యి ఊపడం. రెక్క తిరగడం తగ్గి, ఆగింది. దుమ్ము ఎక్కడిదక్కడ వాలింది. అంత నిశ్శబ్దం. లాజరస్ వచ్చి, మోకాళ్ళు పట్టుకుని నేలమీద కూర్చుని, టోపీ తీసి పక్కన పెట్టి, ఆవిడ భుజం పట్టుకుని పక్కకి జరిపాడు. పైనుంచి చూడలేదు. కాలినుంచి చూశాడు. చాలాసేపు. ఒక వేలు గాల్లోనే మోకాలి వంపు వెంట నడిచింది. నూరిన ఎర్రమట్టి చూశాడు, తడి కుంచె చూశాడు, ఎర్రటి బొట్టు పడిన మట్టి చూశాడు, అన్నీ అర్థమయ్యాయి, కావలివాడు కదా.

"ఇది పూసేసుంటే నేను పట్టేవాణ్ణి కాదు."

"ఊఁ."

"ఎందుకు పూయలా?"

మేవిస్‌కి ఇందాకటిదాకా తెలియదు ఎందుకో. చెయ్యి ఆగిపోయిందని చెబుదామనుకుంది, ఎవరో పట్టుకున్నారని చెబుదామనుకుంది. వేరే మాట వచ్చింది. "కాలు లేకపోతే ఇంటికెట్టా నడిచొస్తాడు?"

లాజరస్ బెరడు పక్కకి ఎత్తాడు. వెనకాల అంటించిన కాయితం చూసి, "ఏం రాశారు ఇందులో?" అన్నాడు, కళ్ళజోడు లేదు. డాన్సు చేస్తోందని రాశారని చెప్పింది. ఆయనకి నవ్వొచ్చింది, నవ్వుతుంటే కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. "మావయ్యా డాన్సూనా? పెళ్ళిలో కూడా చేయలా." కాయితం అంచు గోటితో లేపి మొత్తం ఊడబెరికాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆ పిల్లకి నేను చెబుతాలే, కావలివాడు కుదరదన్నాడని. మేవిస్, విను. వానలు పోయాక నీటిగుంట నేను తెరుస్తా, మావయ్యని అందులోకి పంపిస్తా. నేనుంటే. అప్పటిదాకా కుంచె ముట్టుకోమాక."

"నువ్వుండకపోతే?"

"నా చెల్లెలు తెరుస్తది. అప్పటికీ ముట్టుకోమాక."

"సరే," అంది. ఒక ఏడాదో, రెండేళ్ళో, ఇక ఎప్పటికీనో. వేళ్ళు ఒళ్ళో పెట్టుకుని వాటిని చూసుకుంది. తీసుకున్నది బావ, ఇచ్చింది నాన్న, తిరిగిస్తారో లేదో. ముసలాళ్ళ మూతులు గుర్తొచ్చాయి. అయినా మణికట్టు దగ్గర పట్టు మాత్రం లేదిప్పుడు. విమానం తలుపు వేసుకున్నారు. పది నిమిషాలు కూడా కాలేదు. లాజరస్ వెళ్ళి ఏదో చెప్పాడు గాబోలు, పైలట్ టెరెన్స్‌తో కలిసి విమానాన్ని చేత్తో దూరంగా తోసుకుపోయి, రన్‌వే మధ్యలో గానీ ఇంజన్ వెయ్యలేదు.

లాజరస్ బొమ్మకేసి ఒంగాడు. చుట్టం ఇంటికొస్తే ఎలా పలకరిస్తారో అలాగే, పేరు లేకుండా, మామూలు గొంతుతో పలకరించాడు. "మావయ్యా, ఎండలో చాలాసేపు కూర్చోబెట్టింది నిన్నీ పిల్ల. పద, నీటిగుంట తెరిచేదాకా నీ బండనీడకి పోదాం. దారి నేను చూపిస్తా." ఇద్దరూ చెరో అంచూ పట్టుకుని దుప్పటి చుట్టారు. ఎత్తితే నలభై రోజులూ మోసిన బరువే, అటూ ఇటూ లేదు. ట్రక్కు దగ్గరికి వెళ్ళేసరికి టెరెన్స్ అటు తిరిగి, ముందు తలుపు తీసి నిలబడి ఉన్నాడు.

"బిస్కెట్టూ, సీటు దిగు. పెద్దాయన కూర్చుంటారు."

కుక్క దిగింది. బెరడుని సీటుకి చేరేసి, లాజరస్ పక్కన కూర్చుని చెయ్యి అడ్డం పెట్టాడు. మేవిస్ వెనక తొట్టిలోకి ఎక్కింది, బిస్కెట్టు వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర ముడుచుకుంది. ఇంజన్ అందుకుంది. ఎదురుగా రాతిగుట్టలు, బీటలు, వాటిల్లో ఎవరున్నారో, చూస్తున్నారో, ఆవిడకి ఇంకా భయంగానే ఉంది. కుక్క తలమీద చెయ్యేసి, ముందుకి వినపడేంత గట్టిగా అంది.

"బిస్కెట్టూ, మెల్లగా పోనివ్వమను. అద్దాలు పైకెత్తమను, గాలి తగులుద్ది."

ముందు ఒక అద్దం, తర్వాత రెండోది పైకెక్కిన చప్పుడు వినిపించింది.